తీగకు గుచ్చిన ఉత్తరాలు

వరంగల్ రైల్వే స్టేషన్ పక్కన ఆర్‌ఎంఎస్‌లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, 34 ఏళ్లు సార్టింగ్ పని చేసి రిటైర్ అయ్యాను. రాత్రిపూట బండి దిగిన సంచులు విప్పడం, ఉత్తరాలను ఊళ్లవారీగా గళ్లలో వేయడం, తెల్లారేసరికి మళ్లీ సంచులు కట్టడం. ఒక్కో ఉత్తరం మీద చూపు నిలిచేది రెప్పపాటు. ఆ కాస్తలోనే ఎంత గొలుసుకట్టు రాతలోనైనా ఊరి పేరు పట్టుకోవాలి. అట్లా చూసి చూసి చేతిరాత అంటే నాకు మనిషి ముఖం లాంటిదైపోయింది. పేరు మరిచిపోతానేమో కాని రాత మరిచిపోను.

ఆ అలవాటే నన్ను పీవీ నరసింహారావు గారి ఉత్తరాల వెంట తిప్పింది. 2021 జూన్ 28తో ఆయన శతజయంతి సంవత్సరం ముగిసింది. ఆ వారమే హనుమకొండలో ఒక స్నేహితుడి ఇంట్లో కూర్చుని ఉంటే, మాటల్లో మాటగా, “మా నాయనకు పీవీ గారు ఉత్తరాలు రాసేటోడు. ఇంట్లనే ఎక్కడో ఉండాలె” అన్నాడు. ఎక్కడో అంటే ఎక్కడని అడిగితే ఆయనకూ తెలియదు. వాళ్ల నాయన పోయి 20 ఏళ్లయింది. ఇల్లు రెండుసార్లు మారారు. నెల రోజుల తర్వాత ఫోన్ చేశాడు, పాత సందుగ అడుగున పెళ్లి పత్రికల కింద రెండు దొరికాయని.

వెళ్లి చూస్తే రెండూ ఢిల్లీ నుంచి వచ్చినవే. రెండూ ఇంగ్లీషులో టైపు చేసినవి, కింద సంతకం. స్నేహితుడి ముఖం వెలిగిపోతోంది. నాకు మాత్రం సంతకం మీదికంటే, ఒకదాని చివర పెన్నుతో తెలుగులో రాసిన ఒకటిన్నర లైను మీదనే చూపు ఆగింది. టైపు చేసినదంతా ఆఫీసు పని. ఆ ఒకటిన్నర లైనులో మాత్రం ఇంటి పెద్దను పేరు పెట్టి పలకరించిన మనిషి ఉన్నాడు.

ఆ రోజే ఒక విషయం అర్థమైంది. టైపు ఉత్తరానికి కార్బన్ కాపీ ఉంటుంది, ఏదో ఒక ఫైల్లో పడి ఉంటుంది. చేతితో రాసి డబ్బాలో వేసిన ఉత్తరానికి నకలు ఉండదు. రాసినాయన దగ్గర ఉండదు, ఆఫీసులో ఉండదు. లోకం మొత్తం మీద ఆ ఒక్క కాగితమే, అదీ ఏ ఊళ్లోనో ఏ ఇంట్లోనో. ఆ ఇంటికి చెదలు పడితే అంతే. నా చేతుల మీదుగా ఆ 34 ఏళ్లలో ఎన్ని వెళ్లిపోయాయో, వాటిలో ఈ రాత ఎన్నిసార్లు పోయిందో. అప్పుడు నా పని వాటిని చేర్చడం. ఇప్పుడు చేరినవి ఉన్నాయో లేవో చూడాలనిపించింది.

ఎక్కడ వెతకాలో ఆయన జీవితమే చెప్పింది. పుట్టింది నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో, 1921లో. దత్తత వెళ్లి పెరిగింది భీమదేవరపల్లి మండలం వంగరలో. 1940ల్లో పాములపర్తి సదాశివరావు గారితో కలిసి వరంగల్‌లో కాకతీయ పత్రిక నడిపారు. ఇద్దరూ ‘జయ-విజయ’ అనే పేరుతో రాసేవారు. 1957 నుంచి 1977 దాకా, నాలుగు ఎన్నికలు వరసగా గెలిచి, మంథని ఎమ్మెల్యే. 1977లో, 1980లో హనుమకొండ ఎంపీ. 1984లో ఇక్కడ ఓడిపోయి మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి గెలిచారు. ఇవన్నీ ఒక కాగితం మీద వేసుకుని బస్సు రూట్లు గీసుకున్నాను. 1984 తర్వాత ఈ ప్రాంతానికి ఉత్తరాలు తగ్గి ఉంటాయని నా అంచనా. అది తప్పు. కొన్ని ఇళ్లలో ఆ తర్వాతవే ఎక్కువ దొరికాయి.

మొదటి ఆరు నెలలు దాదాపు ఏమీ దొరకలేదు. “ఉండేవి”, “మొన్నటి దాకా చూసినం”, “ఇల్లు కూలగొట్టినప్పుడు పోయినయ్”, ఇవే జవాబులు. ఆ రోజుల గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

మంథనిలో మాత్రం వేరే కథ ఎదురైంది. హనుమకొండ నుంచి పరకాల, భూపాలపల్లి, కాటారం మీదుగా వెళ్లాను. గోదావరి ఒడ్డున పాత వీధుల్లో ఒక ఇంటి ఆచూకీ దొరికింది. తలుపు తీసిన పెద్దాయన నా మాట సగం వినగానే, “ఏ ఆఫీసు నుంచి వచ్చారు?” అని అడిగారు. ఏ ఆఫీసూ కాదు, తపాలా శాఖలో రిటైర్ అయ్యాను, నా ఆసక్తి కొద్దీ వచ్చాను అన్నాను. “అయితే మా దగ్గర ఏమీ లేవు” అని తలుపు వేశారు.

రెండోసారి వెళ్తే నీళ్లిచ్చారు. మూడోసారి కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పారు. శతజయంతి ఏడాదిలో ఇద్దరు మనుషులు కారులో వచ్చి, ప్రదర్శనలో పెడతామని ఆరు ఉత్తరాలు తీసుకుపోయారట. రశీదు లేదు. పదిహేను రోజుల్లో తెస్తామన్నారు. ఫోన్ కొన్నాళ్లు మోగింది, తర్వాత అదీ మోగలేదు. “మా నాయన పేరు మీద వచ్చినవి. ఇవాళ నా మనవడు అడిగితే నేనేం చూపించాలె?” అన్నప్పుడు ఆయన గొంతు వణికింది. ఆ ఆరు ఉత్తరాలు ఇప్పటికీ తిరిగి రాలేదు. తలచుకున్నప్పుడల్లా నాకు కడుపులో మండుతుంది. దారి తప్పిన ఉత్తరాన్ని మూడు పోస్టాఫీసులు తిప్పయినా సరే చేర్చడం నేర్చుకున్నవాణ్ణి. చేరిన ఉత్తరాన్ని ఇంటి నుంచి ఎత్తుకుపోవడం నాకు మింగుడు పడదు.

ఆ అరుగు మీదే ఒక నిర్ణయం తీసుకున్నాను. నేను పోగుచేసేది కాగితాన్ని కాదు, దాని ఫొటోను. కాగితం ఆ ఇంటి గడప దాటకూడదు. ఇంటివాళ్లే తీసుకుపొమ్మని బతిమాలినా సరే, తీసుకోను. అప్పటి నుంచి ఎవరింటికి వెళ్లినా ముందు ఈ మాటే చెబుతున్నాను. ఆ పెద్దాయన ఆ తర్వాత లోపలికి వెళ్లి, వాళ్లు చూడకుండా మిగిలిపోయిన ఒక్కటి తెచ్చి నా ముందు పెట్టారు.

ఫొటో తీయడం తేలికనుకున్నాను కాని నేర్చుకోవడానికి టైమ్ పట్టింది. ఫ్లాష్ వేయకూడదు. పొద్దున పది, పదకొండు మధ్య వసారాలో నీడపట్టున వచ్చే వెలుతురు అన్నిటికంటే మంచిది. కింద నల్లగుడ్డ పరచి, పక్కన స్కేలు పెట్టి తీస్తే కాగితం సైజు తెలుస్తుంది. రాసిన వైపు ఒక్కటే తీస్తే సగం పని చేసినట్టే. అడ్రసు వైపు, ముద్ర, మడతలు, ఖాళీగా ఉన్న వెనక వైపు కూడా తీయాలి. చాలామంది కవరు పారేసి లోపలి ఉత్తరమే దాచుకుంటారు. నా మట్టుకు కవరు లేని ఉత్తరం ఊరు పేరు చెప్పని మనిషి లాంటిది.

మడతలు విప్పేటప్పుడు నాకు ప్రాణం అరచేతిలో ఉంటుంది. 50 ఏళ్లు మడతలో ఉన్న కాగితం, మడత దగ్గర పాలమీగడలా తెగుతుంది. ఇస్త్రీ పెట్టె జోలికి అసలు పోకూడదు. రెండు పలకల గాజు మధ్య ఒక పూట ఉంచితే దానంతట అదే చదును అవుతుంది. చేతులు కడుక్కుని పూర్తిగా ఆరబెట్టుకుని ముట్టుకుంటాను. లామినేషన్ చేయించిన ఉత్తరాలు నాలుగు చూశాను. ప్రేమతోనే చేయించారు, నేనేమీ అనలేదు. కాని ఆ వేడికి ప్లాస్టిక్ కాగితానికి అంటుకుపోతుంది, ఇక విడదీయలేం. చిరిగిన చోట సెల్లోటేపు వేసినా అంతే. టేపు ఊడిపోతుంది, జిగురు మాత్రం గోధుమ రంగు చారగా అక్షరాల మీద ఉండిపోతుంది. ఇది చదివేవాళ్ల ఇంట్లో పాత ఉత్తరం ఉంటే, దండం పెట్టి అడుగుతున్నాను, ఈ రెండూ చేయకండి. పలుచని తెల్ల కాగితం మధ్య పెట్టి, ఇనుప పెట్టె కాకుండా అట్టపెట్టెలో, గోడకు ఆనకుండా ఉంచండి. చాలు.

తేదీ తేల్చడం నాకు ఇష్టమైన పని. చాలా ఉత్తరాల్లో తేదీ, నెల ఉంటాయి, ఏడాది ఉండదు. రాసేవాడికి ఏడాది తెలుసు కదా, ఎందుకు రాస్తాడు! అక్కడ నా పాత ఉద్యోగం పనికొచ్చింది. అడ్రసులో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాతిది, ఎందుకంటే పిన్‌కోడ్ వచ్చింది ఆ రోజే. ఇన్‌లాండ్ లెటర్ అయితే 1950 అక్టోబరు 2కు ముందుది కాదు. స్టాంపు మీద ‘నయా పైసా’ అని ఉంటే 1957 నుంచి 1964 మధ్య అచ్చయినది. పులి బొమ్మ ఉన్న 15 పైసల కార్డు 80ల్లో ప్రతి ఇంటికీ వచ్చినదే. వంగర పక్కన ‘కరీంనగర్ జిల్లా’ అని ఉందని ఇవాళ్టి పిల్లలు తికమక పడతారు. 2016లో జిల్లాలు విడగొట్టేదాకా అది కరీంనగర్‌లోనే ఉండేది.

నర్సంపేట వైపు ఒక ఇంట్లో చూపించిన కట్టలో ఇంకా పాతవి ఉన్నాయి. నిజాం తపాలా స్టాంపులున్న కవర్లు, ‘1357 ఫసలీ’ అని వేసిన రశీదులు. ఫసలీ అంటే నిజాం సర్కారు ఏడాది లెక్క, దానికి 590 కలిపితే మన లెక్క వస్తుంది, అంటే అది 1947 అక్టోబరులో మొదలైన ఏడాది. నిజాం సొంత తపాలా 1950 ఏప్రిల్ 1న భారత తపాలాలో కలిసిపోయింది కాబట్టి ఆ కవర్లన్నీ అంతకు ముందువే. ఆ కట్టలో ఉర్దూలో రాసిన ఒక కాగితం చూసి నా గుండె ఝల్లుమంది. పీవీ గారికి ఉర్దూ బాగా వచ్చు. ఫొటో తీసుకుని మండీబజార్‌లో ఉర్దూ చదివిన ఒక పెద్దాయన దగ్గరికి పరుగెత్తాను. కళ్లద్దాలు పెట్టుకుని, నిదానంగా చదివి, “భాయ్, ఇది శిస్తు బాకీ నోటీసు” అన్నారు. అదీ జాగ్రత్తగా ఫొటో తీసి పెట్టాను. ఆ ఇంటి చరిత్రలో దాని చోటు దానికుంది.

ఇక చేతిరాత సంగతి. సంతకం చూసి నమ్మకూడదు. పెద్ద పదవిలో ఉన్న మనిషికి రోజూ వచ్చే ఉత్తరాలు కట్టలు కట్టలు. జవాబు చెబుతుంటే పక్కన కూర్చున్నవాళ్లు రాసిపెడతారు, ఆయన సంతకం చేస్తారు. కాబట్టి నాకు దొరికినవి మూడు రకాలు: టైపు చేసినవి, వేరేవాళ్లు రాస్తే సంతకం చేసినవి, మొదటి అక్షరం నుంచి చివరి దాకా ఆయనే రాసినవి. తెలుగులో మనిషి రాత పట్టుకోవాలంటే అక్షరం నడిమి భాగం చూడకూడదు, బడిలో దిద్దించినట్టు అది అందరిదీ ఒకేలా ఉంటుంది. తలకట్టు ఎక్కడ మొదలుపెట్టాడు, ‘క్ష’ను ఒకే ఊపులో తిప్పాడా చెయ్యి ఎత్తాడా, క్రారవడి అక్షరాన్ని తాకిందా, లైను చివర చోటు చాలకపోతే మాట విరిచాడా, ఇరికించాడా, ఇవి చూడాలి. ఇవి ఎవరూ కావాలని చేసేవి కావు. చెయ్యి తనంతట తాను చేసే పనులు.

ఈ పరీక్షే ఒక చోట నన్ను చాలా ఇబ్బందిలో పెట్టింది. హుజూరాబాద్ దగ్గర ఒక ఊళ్లో రిటైర్డ్ హెడ్మాస్టరు గారి ఇల్లు. హాల్లో దేవుడి పటాల పక్కన ఫ్రేము కట్టించిన ఉత్తరం. పీవీ గారు ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో, 1972లో, వాళ్ల నాయన గారికి వచ్చింది. తెలుగులో, పేజీ నిండా, ముత్యాల్లాంటి రాత. ఇంటికి ఎవరొచ్చినా ముందు అదే చూపిస్తారు. నేను వస్తున్నానని కోడలు పిల్ల ఆ గాజు తుడిచి, పటానికి పూలు కూడా పెట్టింది.

దగ్గరికి వెళ్లి చూడగానే నాకు తెలిసిపోయింది. అయినా తొందరపడకూడదని ఫోన్‌లో ఉన్న మరో రెండు ఉత్తరాలు తీసి పక్కన పెట్టి చూశాను. తలకట్టు వేరు, క్రారవడి వేరు. సంతకం ఆయనదే, కాని సంతకం సిరా నల్లగా ఉంది, ఉత్తరం సిరా నీలం. రాసింది ఇంకెవరో.

హెడ్మాస్టరు గారు నా ముఖమే చూస్తున్నారు. అబద్ధం చెబితే ఎవరికీ నష్టం లేదు. చెప్పాలా వద్దా అని నాలో నేను కాసేపు కొట్టుకున్నాను. కాని రేపు ఈ ఫొటోను పక్కన పెట్టుకుని ఇంకెవరో ఇంకో ఇంట్లో ఉత్తరాన్ని పోల్చి చూస్తారు. ఒక్కచోట తప్పు రాస్తే ఆ తప్పు నడుచుకుంటూ పోతుంది. “సార్, మాటలు ఆయనవి, సంతకం ఆయనది. అక్షరాలు మాత్రం పక్కన కూర్చుని రాసిన వేరే మనిషివి” అని చెప్పాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. కోడలు టీ తెచ్చి పెట్టింది, అదట్లా చల్లారిపోయింది. “మా బాపు చనిపోయేదాకా ఇది ఆయన చేతిరాతనే అని చెప్పిండండి” అన్నారు చివరికి. నేను తల దించుకున్నాను. మళ్లీ ఆయనే, “మీ పుస్తకంల ఉన్నదే రాయండి. లేనిది రాయొద్దు. గోడ మీద మాత్రం ఉంచుకుంట” అన్నారు. జీవితమంతా పిల్లల పరీక్ష పేపర్లు దిద్దిన మనిషి. ఆ మాటకు ఆయన కాళ్లు మొక్కాలనిపించింది. ఫ్రేము విప్పి వెనక వైపు కూడా తీద్దామనుకున్నాం. కాని చెమ్మకు కాగితం ఒక మూల గాజుకు అంటుకుని ఉంది. లాగితే అక్షరాలు గాజు మీదికి వస్తాయి. అట్లాగే వదిలేశాం.

2024 ఫిబ్రవరి 9న పీవీ గారికి భారతరత్న ప్రకటించారు. నాకు కన్నీళ్లు వచ్చాయి. ఆ సంతోషంతోపాటే ఒక టెన్షన్ కూడా మొదలైంది. పాత వస్తువులు కొనేవాళ్లు కొందరు నాకు ఫోన్ చేశారు. ఏ ఊళ్లో ఏ ఇంట్లో ఉందో చెబితే చాలు, కమిషన్ ఇస్తామన్నారు. ఒకతను ఇంటికే వచ్చాడు. నేను ఇంటి పేర్లు, ఊళ్ల పేర్లు రాసుకున్న రిజిస్టర్ ఆ రోజు నుంచి బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాను. ఫొటోలున్న పెన్‌డ్రైవ్ మీద ఊరి పేర్లు ఉండవు, నంబర్లే ఉంటాయి. ఇంటివాళ్లు అమ్ముకుంటే అది వాళ్ల ఇష్టం, కాదనే హక్కు నాకు లేదు. నా నోటి నుంచి మాత్రం ఆచూకీ బయటికి రాదు. అడిగిన ఇళ్లకు ఒక సంగతి మాత్రం చెప్పాను: 75 ఏళ్లు దాటిన, చరిత్రలో విలువ ఉన్న చేతిరాత ప్రతి 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు కిందికి వస్తుంది, ఇష్టం వచ్చినట్టు దేశం దాటించడానికి వీల్లేదు.

ఆ ఉత్తరాల్లో ఏముందో ఎందుకు రాయడం లేదని చాలామంది అడుగుతున్నారు. కాగితం అందుకున్నవాళ్లది. అందులోని మాటల మీద కాపీరైట్ మాత్రం రాసినాయనది, ఆయన తర్వాత వారసులది. ఇంటివాళ్లు ఒప్పుకున్నా, ఆ వారసుల అనుమతి లేకుండా అచ్చు వేసే హక్కు నాకు రాదు. చట్టం అట్లా ఉంచితే, ఆ ఉత్తరాలు నాకు రాసినవి కావు. ఒకరింట్లో చావుకు పరామర్శ, ఒకరి కొడుకు చదువు, ఒకరి భూమి గొడవ. ఆర్‌ఎంఎస్‌లో చేరిన మొదటి రోజే మా సీనియర్ నేర్పింది అడ్రసు చదవాలి, ఉత్తరం చదవకూడదని. ఇప్పుడు చదవక తప్పడం లేదు, కాని బయట చెప్పడానికి మనసొప్పదు.

ఇప్పటికి 43 చూశాను. మొదటి నుంచి చివరి దాకా ఆయనే రాసినవి వాటిలో 9. ఆ తొమ్మిదింటిలో మూడు ఒకే ఇంట్లోవి, ముల్కనూరు దాటాక వంగర పోయే దారిలో ఒక చిన్న ఊళ్లో. ఆ ఇంటి గురించి చెప్పకుండా ఆపలేను.

పెంకుటిల్లు. నడింట్లో దూలానికి ఒక ఇనుప తీగ వేలాడుతోంది, చివర కొక్కెంలా వంచి ఉంది. చిన్నప్పుడు మా ఇంట్లోనూ ఉండేది. వచ్చిన ప్రతి కాగితాన్ని దానికి గుచ్చేవాళ్లు. మూరెడు ఎత్తు పేరుకుపోయి, దుమ్ము పట్టి, తేనెతుట్టెలా ఉంది. 80 దాటిన అవ్వ ఒక్కతే ఉంటోంది. పిల్లలు హైదరాబాద్‌లో. ఆమె భర్త ఎన్నికలప్పుడు పీవీ గారి వెంట ఊళ్లు తిరిగిన మనిషి. “అండ్లనే ఉన్నయ్ బిడ్డా. ఆయన పోయినంక ఎవ్వలు ముట్టలే” అంది.

స్టూలెక్కి తీగ దించాను. పీవీ గారి రాత కనబడగానే నాకు ఒళ్లు తెలియలేదు. ఒకటి, రెండు, మూడు. వాటిని లాగి పక్కన పెట్టేసరికి మిగతావన్నీ జారి నేల మీద చెల్లాచెదురయ్యాయి. అప్పుడు గాని నేను చేసిన తప్పు నాకు తెలియలేదు. మూడింటిలో ఒకదానికి తేదీ లేదు. మసకగా మిగిలిన ముద్రలో అంకెలు ఆనడం లేదు. తీగ మీద ఉన్నప్పుడు దాని పైన ఏముందో, కింద ఏముందో చూసి ఉంటే ఏ ఏటిదో తెలిసేది. ఆ వరసే దాని తేదీ. ఆ వరసను నా చేతులతోనే చెడగొట్టాను.

రెండు రోజులు ఆ ఇంట్లోనే కూర్చున్నాను. అవ్వ జొన్నరొట్టె చేసి పెట్టింది. తీగ తుప్పు ప్రతి కాగితానికీ అంటింది, చిల్లు చుట్టూ గోధుమ రంగు మచ్చ. ఒక్కో మచ్చది ఒక్కో ఆకారం, ఒకటి చింతగింజలా, ఒకటి అర్ధచంద్రంలా. పై కాగితం వెనక ఉన్న మచ్చ, దాని కింది కాగితం ముందు మచ్చతో సరిపోతుంది. అట్లా జత కలుపుకుంటూ, చుట్టాల ఉత్తరాలు, బాకీ నోటీసులు, పెళ్లి పత్రికలు, ఎరువుల రశీదులు అన్నీ వరసగా పేర్చాను. మూడో రోజు పొద్దున ఆ తేదీ లేని ఇన్‌లాండ్ లెటర్ తన చోటికి తాను వచ్చి కూర్చుంది. పైన 1970 మార్చి రశీదు, కింద 1969 దీపావళికి వచ్చిన కార్డు. తెలంగాణ అంతా ఉద్యమంతో అట్టుడికిన ఏడాది అది. అప్పుడు పీవీ గారు మంత్రి.

ఆ ఉత్తరానికి ఇంకో లోపం ఉంది. ఇన్‌లాండ్ లెటర్ అంచున జిగురు ఉన్న చోట కోసి తెరవాలి. తొందరలో ఎవరో వేలితో చింపారు. ఎడమ అంచున మూడు లైన్ల మొదటి అక్షరాలు పోయాయి. రెండు లైన్లు ఊహించి పూరించవచ్చు. మూడోది ఎంత చూసినా నాకు అందలేదు. ఒక పేరు చివరి అక్షరం మాత్రం మిగిలింది.

అవ్వకు చదువు రాదు. “ఒక్కసారి చదువు బిడ్డా, విని చాన్నాళ్లయింది” అంది. పీట వేసుకుని ఆమె ముందు కూర్చుని చదివాను. మొదటి మాటకే ఆమె పెదవులు నాతోపాటు కదలడం మొదలుపెట్టాయి. భర్త ఆ రోజుల్లో ఎన్నిసార్లు చదివి వినిపించాడో, ఆమెకు ఉత్తరం మొత్తం నోటికి వచ్చు. చిరిగిన లైను దగ్గర నేను ఆగిపోయాను. ఆమె ఆగలేదు. ఒక ముద్దుపేరు పలికి, మిగతా వాక్యం పూర్తి చేసింది. మిగిలిన ఆ చివరి అక్షరం దానికి సరిగ్గా సరిపోయింది.

“మా పెద్దోడు. జ్వరమొచ్చి పోయిండు, ఐదేండ్లప్పుడు. సారుకు వాడంటే పాణం” అంది.

రిజిస్టర్‌లో ఆ పేజీ తీసి రాసుకున్నాను: మూడో లైను మొదటి మాట కాగితం మీద లేదు, అవ్వ నోట విన్నది. కింద ఆ రోజు తేదీ వేశాను. తర్వాత తుప్పు మచ్చలు చెప్పిన వరసలోనే ఉత్తరాలన్నీ ఒక్కొక్కటి పాత చిల్లులోంచే మళ్లీ తీగకు ఎక్కిస్తుంటే, వద్దని ఆపి, ఆ ఒక్కదాన్ని తీసుకుని కొంగున కట్టుకుంది.